ఫోలిక్ యాసిడ్ మాత్ర నెల తప్పకముందే చేతికి రావాలి: రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు, స్త్రీ వైద్య నిపుణులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, రెండు రాష్ట్రాల్లో ప్రాక్టీసు చేస్తున్న స్త్రీ వైద్య నిపుణులకు నమస్కారం.

గర్భిణులకు ప్రభుత్వాసుపత్రుల్లో ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్ మాత్రలు ఇస్తున్నారు. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఎండనక వాననక ఇంటింటికీ తిరిగి ఆ పని చేస్తున్నారు. వాళ్ల కష్టం మీద మాకు గౌరవం ఉంది. మేం అడుగుతున్నది మాత్ర అందే సమయం గురించి. బిడ్డ మెదడును, వెన్నుపామును కాపాడాల్సిన మాత్ర గడువు దాటిపోయాక తల్లి చేతికి వస్తోంది. నవజాత శిశు విభాగాల్లో, ప్రసూతి వార్డుల్లో, మందుల పంపిణీలో పనిచేసే మేము ఈ సంగతిని వినతిపత్రాలుగా రాసి ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారే తప్ప జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ పెడుతున్నాం.

ముందు తేదీల లెక్క చూడండి. ఒక అమ్మాయికి జూన్ 1న నెలసరి వచ్చిందనుకుందాం. నెలసరి 28 రోజులకోసారి సక్రమంగా వచ్చే మనిషైతే జూన్ 15 ప్రాంతంలో గర్భం నిలుస్తుంది. పిండంలో మెదడు, వెన్నుపాముగా మారాల్సిన న్యూరల్ ట్యూబ్ మొదట బల్లపరుపు పొరలా ఉండి, అంచులు పైకి లేచి, ఒకదానికొకటి అతుక్కుని గొట్టంగా మూసుకుంటుంది. గర్భం నిలిచిన 28 రోజుల్లోపే ఈ పని పూర్తవుతుంది. అంటే జూలై 13 నాటికి. ఆ అమ్మాయికి నెల తప్పిందని తెలిసేది జూన్ 29 తర్వాత. ఇంకో వారం పది రోజులు చూస్తుంది. అప్పుడు కిట్ తెచ్చి పరీక్ష చేసుకుంటుంది, ఇంట్లో చెబుతుంది. ఆశా కార్యకర్త పేరు రాసుకుని, ఏఎన్ఎం దగ్గర నమోదై, డాక్టరు చూసి మాత్ర రాసేసరికి జూలై నెలాఖరు. ఈ లెక్కలో ఎక్కడా ఎవరి నిర్లక్ష్యమూ లేదు. అందరూ చెప్పినట్టే చేసినా మాత్ర రెండు వారాలు ఆలస్యం. నెలసరి సరిగా రాని వాళ్లకు, అనుకోకుండా గర్భం వచ్చిన వాళ్లకు ఇంకా ఎక్కువ ఆలస్యం.

గొట్టం కింది భాగంలో మూసుకోకపోతే స్పైనా బైఫిడా, అంటే వెన్నెముక పూర్తిగా మూసుకోని స్థితి; కొందరు పిల్లలకు వెన్ను మీద తిత్తి ఉంటుంది. పైభాగంలో మూసుకోకపోతే అనెన్‌సెఫలీ, అంటే పుర్రె పైభాగం, మెదడులో చాలా భాగం ఏర్పడని స్థితి. అలాంటి బిడ్డ కడుపులోనే చనిపోతుంది, లేదా పుట్టిన కొన్ని గంటల్లో, కొద్ది రోజుల్లో పోతుంది. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి వేసిన అంచనా ప్రకారం ప్రతి వెయ్యి జననాల్లో దాదాపు నలుగురికి ఈ లోపాలున్నాయి. ఇందులో ఎక్కువ భాగం ఆపగలిగినవే. ఏడు దేశాల్లో 33 కేంద్రాల్లో జరిగి 1991లో వెలువడిన బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరిశోధనలో, అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందు నుంచే రోజూ 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. ఆ ఫలితం వచ్చి మూడు దశాబ్దాలు దాటింది.

"ఐరన్ మాత్రలు ఇస్తున్నాం కదా, రేషన్ బియ్యంలోనూ కలుపుతున్నాం కదా" అనే జవాబు మాకు తరచూ వినిపిస్తుంది. అది చాలదని అంకెలే చెబుతాయి.

గర్భం ధరించే వయసు స్త్రీకి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కావాలి. రక్తహీనతను తగ్గించే కేంద్ర కార్యక్రమం అనీమియా ముక్త్ భారత్ కింద 20 నుంచి 49 ఏళ్ల స్త్రీలకు వారానికొకటి ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. బడి పిల్లల నీలం మాత్రలోనూ అంతే. 500ను ఏడు రోజులకు పంచితే రోజుకు 71 మైక్రోగ్రాములు. నెలసరి వచ్చే వయసు స్త్రీలకు వారానికొకసారి ఇచ్చే మాత్రలో 2.8 మిల్లీగ్రాముల (2,800 మైక్రోగ్రాముల) ఫోలిక్ యాసిడ్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. మన మాత్రలో ఉన్నది అందులో ఐదో వంతు కూడా లేదు. రక్తహీనతకు ఆ మాత్ర మంచిదే. న్యూరల్ ట్యూబ్‌ను కాపాడటానికి సరిపోదు.

ఇక బియ్యం. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల ప్రకారం కిలో ఫోర్టిఫైడ్ (పోషకాలు కలిపిన) బియ్యంలో ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు ఉండాలి. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుని తిన్నా అందేది 22 నుంచి 37 మైక్రోగ్రాములే. అదీ వండేటప్పుడు ఏమీ పోలేదనుకుంటే. గంజి వార్చే ఇళ్లలో ఇంకా తక్కువ. 1998 నుంచి అమెరికాలో పిండిలో తప్పనిసరిగా కలుపుతున్నది 100 గ్రాములకు 140 మైక్రోగ్రాములు, అంటే కిలోకు 1,400. మనం తినే బియ్యం వాళ్లు తినే పిండికంటే ఎక్కువ అన్న మాట నిజమే. దాన్ని లెక్కలోకి తీసుకున్నా పది రెట్లకు మించిన ఈ తేడా పూడదు. అక్కడ ఆ ఒక్క పనివల్ల ఏటా 1,300 మంది పిల్లలు ఈ లోపాలు లేకుండా పుడుతున్నారని వాళ్ల వ్యాధి నియంత్రణ సంస్థ అంచనా.

గోంగూర, తోటకూర, పాలకూర, పెసలు, శనగలు తినమని చెప్పడం మంచిదే, మేమూ చెబుతాం. కానీ ఆకుకూరల్లో ఉండే ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ సహజ రూపం) నీళ్లలో కరిగిపోతుంది, వేడికి దెబ్బతింటుంది. ఉడికించి నీళ్లు పారబోస్తే సగానికి పైగా పోవచ్చు. మిగిలినదీ మాత్రలోని ఫోలిక్ యాసిడ్ అంత బాగా ఒంటికి పట్టదు. కూర తినమని చెప్పి మాత్ర రాయకుండా పంపితే పని సగంలో ఆగినట్టే.

ఈ ఆలస్యం ఎవరి మీద పడుతోందో చెబుతాం.

1. వెన్ను మీద తిత్తితో పుట్టిన బిడ్డను పొట్ట మీద పడుకోబెట్టి, తిత్తి మీద సెలైన్‌తో తడిపిన స్టెరైల్ గాజుగుడ్డ వేసి, పైన ప్లాస్టిక్ కప్పి, గుడ్డ ఆరిపోకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. వీలైనంతవరకు 48 నుంచి 72 గంటల్లో ఆపరేషన్ జరగాలి. ఊరి నుంచి పీహెచ్‌సీకి, అక్కడినుంచి ఏరియా ఆసుపత్రికి, అక్కడినుంచి నగరానికి పంపించే క్రమంలో గుడ్డ ఆరిపోతుంది, పల్చటి పొర చిరుగుతుంది, మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకుతుంది. కాన్పు నొప్పులు తగ్గని తల్లి ఒక ఊళ్లో, బిడ్డ ఇంకో ఊళ్లో.

2. ఆపరేషన్‌తో కథ ముగియదు. చాలామంది పిల్లల తలలో నీరు చేరుతుంది. దాన్ని పొట్టలోకి మళ్లించే షంట్ గొట్టం వేయాలి. అది పూడుకుపోతే వాంతులు, తలనొప్పి, మగత మొదలవుతాయి. వెంటనే మళ్లీ ఆపరేషన్. మూత్రాశయం దానంతటది ఖాళీ కాదు కాబట్టి నాలుగు గంటలకోసారి, రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు ట్యూబు వేసి మూత్రం తీయాలి. తీయకపోతే కిడ్నీలు పాడవుతాయి. బడి వేళలో ఆ పని ఎవరు చేయాలి? ఎక్కువ ఇళ్లలో తల్లి కూలి పని మానేసి బడి గుమ్మం దగ్గర కూర్చుంటుంది, లేదా బిడ్డ బడి మానేస్తుంది. ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీ లాంటి పథకాల కింద తీరినా ఏళ్ల తరబడి తప్పిపోయే కూలి డబ్బులు ఏ పథకం కిందా రావు.

3. చాలామందికి లోపం తెలిసేది 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలను చూడటానికి జరిగే టిఫా స్కాన్‌లో. కడుపులో బిడ్డ కదలడం తెలిసే రోజులవి. 24 వారాలు దాటితే గర్భస్రావానికి 2021 చట్ట సవరణ ప్రకారం మెడికల్ బోర్డు అనుమతి కావాలి. స్కాన్ తేదీ కోసం, రిపోర్టు కోసం, రెండో అభిప్రాయం కోసం తిరిగే పేద కుటుంబానికి ఆ రెండు మూడు వారాలు ఇట్టే గడిచిపోతాయి.

4. నింద ఆడదాని మీదే పడుతుంది. "గ్రహణం రోజు బయట తిరిగావు, కత్తిపీట పట్టుకున్నావు" అంటారు. గ్రహణానికీ ఈ లోపానికీ సంబంధం లేదు. పెళ్లైన నాటి నుంచి మాత్ర వేసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన బాధ్యత వ్యవస్థది. మాత్ర వేసుకున్నా కొందరికి ఈ లోపం వస్తుంది. అప్పుడూ తప్పు తల్లిది కాదు. ఈ మాట డాక్టరు నోటితో అత్తమామలు, భర్త కూర్చుని ఉండగా చెబితేనే పని చేస్తుంది.

మేం అడుగుతున్నవాటిలో కొత్తది ఏమీ లేదు. గర్భానికి ముందు నుంచి మొదటి మూడు నెలల వరకు రోజూ 400 మైక్రోగ్రాములు వేసుకోవాలని అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాల్లో 2018లోనే రాశారు. కానీ మన పథకాలన్నీ గర్భిణిగా నమోదైన రోజునుంచి మొదలవుతాయి. న్యూట్రిషన్ కిట్లు, ప్రతినెలా 9న జరిగే మాతృత్వ అభియాన్ శిబిరాలు, అంగన్‌వాడీ భోజనం అన్నీ ఆ తర్వాతే. వాటికంటే ముందు ఒక అడుగు కావాలి. ఆ అడుగు కోసం ఇవి చేయండి.

1. అర్హులైన దంపతుల రిజిస్టరులో పేరు రాసిన రోజే మాత్ర ఇవ్వండి. కొత్తగా పెళ్లైన జంటల పేర్లు ఏఎన్ఎం దగ్గర ఇప్పటికే ఉన్నాయి. కుటుంబ నియంత్రణ కోసం రాసుకునే ఆ పట్టీలో "పిల్లలు ఎప్పుడు కావాలనుకుంటున్నారు?" అని ఒక ప్రశ్న చేర్చండి. "ఇప్పుడే" అన్నవాళ్లకూ, "చూద్దాం" అన్నవాళ్లకూ 400 మైక్రోగ్రాముల మాత్రలు ఇవ్వండి. రక్తంలో ఫోలేట్ తగినంత చేరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. గర్భానికి ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు లెక్కేస్తే ఒక్కొక్కరికి దాదాపు 180 మాత్రలు. గర్భం రావడం ఆలస్యమైతే ఇంకొన్ని. ఇండెంట్ (మందులు పంపమని కోరే పత్రం) వేయాల్సింది ఈ లెక్కన. గర్భిణుల సంఖ్యను బట్టి ఇండెంట్ వేస్తే మాత్రలు ఎప్పుడూ చాలవు.

తెలంగాణలో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద 1,00,116 రూపాయల సాయానికి పెళ్లి వివరాలతో సహా దరఖాస్తు వస్తుంది. కొత్త పెళ్లికూతురి పేరు, ఊరు, పెళ్లి తేదీ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. ఆ జాబితా తహసీల్దారు కార్యాలయం నుంచి పీహెచ్‌సీకి చేరితే చాలు, సగం పని అయిపోతుంది. చెక్కు చేతికొచ్చేదాకా ఆగొద్దు, అప్పటికి కొందరికి నెల తప్పి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లో జరిగే వివాహ నమోదుతో ఇదే పని చేయవచ్చు.

2. మాత్రను విడిగా, వేరే రంగులో, తెలుగు అక్షరాలతో ఇవ్వండి. హైదరాబాద్ పాతబస్తీ లాంటి చోట్ల ఉర్దూలో కూడా. గిరిజన మండలాల్లో ఆశా కార్యకర్త కోయ, గోండి భాషల్లో నోటితో చెప్పాలి. పట్టీ మీద మూడు మాటలు ఉండాలి: రోజూ ఒకటి; ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు ఒకటి, మర్నాడు రెండు కలిపి వద్దు; ఇది పిల్లలు పుట్టకుండా చేసే మాత్ర కాదు. ఈ చివరి మాట లేకపోతే అత్తగారు మాత్రలు తీసి పారేసే ఇళ్లు ఉన్నాయి. ఐరన్ లేదు కాబట్టి విరేచనం నల్లగా అవడం, మలబద్ధకం, కడుపులో తిప్పడం లాంటివి ఈ మాత్రతో మామూలుగా రావు. ఆ సంగతి చెబితే ఎర్ర మాత్రతో ఇబ్బంది పడి మానేసినవాళ్లు కూడా దీన్ని వేసుకుంటారు. ఫోలిక్ యాసిడ్ వెలుతురుకు, తేమకు పాడవుతుంది. చిల్లర కాగితం పొట్లాల్లో లెక్కపెట్టి ఇవ్వడం ఆపండి.

3. ఇంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులను వదిలేయకండి. వీళ్ల విషయంలో జరుగుతున్నది మాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగిస్తోంది. ఒకసారి ఈ లోపం వచ్చిన తల్లికి మళ్లీ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే దాదాపు పది రెట్లు ఎక్కువ. ఆమె ఆసుపత్రిలోనే కాన్పైంది లేదా గర్భస్రావం అయింది. పేరు, ఫోన్ నంబరు రికార్డులో ఉన్నాయి. అయినా డిశ్చార్జి కాగితం మీద యాంటిబయాటిక్, నొప్పి మాత్ర, పాలు ఆపే మాత్ర రాసి పంపేస్తున్నారు. మళ్లీ గర్భం కోసం ప్రయత్నించే కనీసం నెల ముందునుంచి, వీలైతే మూడు నెలల ముందునుంచి, 12 వారాలు నిండేదాకా ఈమె రోజూ వేసుకోవాల్సింది 4 మిల్లీగ్రాములు. మన దగ్గర దొరికే 5 మిల్లీగ్రాముల మాత్ర. ఈ ఒక్క వాక్యం డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాయాలని సర్క్యులర్ ఇవ్వండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. అనెన్‌సెఫలీ అని తేలి గర్భస్రావం చేయించుకున్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

4. మూర్ఛ మందులు ఇచ్చే ప్రతిచోటా ఆడపిల్లను అడగండి. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వాడుతూ గర్భం దాలిస్తే స్పైనా బైఫిడా ముప్పు బాగా పెరుగుతుంది. ఎక్కువ మోతాదు ఫోలిక్ యాసిడ్ ఇచ్చినా ఆ ముప్పు పూర్తిగా పోదు. మందు మార్చాల్సింది గర్భానికి ముందే, న్యూరాలజిస్టు సలహాతో. భయపడి మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చి తల్లి ప్రాణానికే ముప్పు. పెళ్లి సంబంధం చెడుతుందని మూర్ఛ సంగతి దాచిపెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్న ఆమెను ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు కూడా గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడాలి. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు ప్రాంతాల్లో వంశపారంపర్య రక్తవ్యాధి సికిల్‌సెల్ ఉన్న స్త్రీలకు 400 మైక్రోగ్రాములు చాలవు. 2023లో మొదలైన సికిల్‌సెల్ మిషన్ కార్డులోనే ఆ మోతాదు రాయండి.

5. స్త్రీ వైద్య నిపుణులకు ఒక విన్నపం. ముప్పేమీ లేని స్త్రీకి 5 మిల్లీగ్రాములు రాయడం అలవాటుగా మారింది. మందుల దుకాణాల్లో ఎక్కువగా దొరికేది అదే కాబట్టి అలా జరుగుతోందని మాకు తెలుసు. అది వేసుకున్నవాళ్లు కంగారు పడాల్సిన పని లేదు. కానీ శాకాహారుల్లో, పాలు గుడ్లు అందని ఇళ్లలో బి12 లోపం మన దగ్గర ఎక్కువ. రోజుకు 1 మిల్లీగ్రాముకు మించి నెలల తరబడి వాడితే రక్తహీనత తగ్గినట్టు కనిపించి, బి12 లోపం వల్ల నరాలకు జరిగే హాని లోలోపల సాగిపోతుంది. ఎవరికి 400 మైక్రోగ్రాములు, ఎవరికి 5 మిల్లీగ్రాములు అన్నది అడిగి తెలుసుకుని రాయండి. మీరు 400 రాయడం మొదలుపెడితే దుకాణాలు తెప్పిస్తాయి. అలాగే ఫోలేట్‌కు మరో రూపమైన, ఖరీదైన మిథైల్‌ఫోలేట్ మాత్రలు రాసే ముందు ఆలోచించండి: న్యూరల్ ట్యూబ్ లోపాలను తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది మామూలు, చవక ఫోలిక్ యాసిడే. కాపర్‌టీ తీయించుకోవడానికి వచ్చినవాళ్లకు, గర్భనిరోధక మాత్రలు మానేస్తామన్నవాళ్లకు, గర్భస్రావం తర్వాత వచ్చినవాళ్లకు, సంతానం కోసం తిరిగేవాళ్లకు చీటీలో మొదటి మందు ఇదే కావాలి.

6. వారపు మాత్రలో ఫోలిక్ యాసిడ్‌ను 2.8 మిల్లీగ్రాములకు పెంచాలని, బియ్యంలో కలిపే మోతాదును తిరిగి చూడాలని కేంద్రానికి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి రెండు రాష్ట్రాలూ లేఖ రాయాలి. మెక్సికోలోని నూవో లియోన్ రాష్ట్రంలో వారానికొక 5 మిల్లీగ్రాముల మాత్రతో ఈ లోపాలను రెండేళ్లలో సగానికి తగ్గించారు. ఆహారంలో ఫోలిక్ యాసిడ్ కలిపి ఈ లోపాలను అరికట్టాలని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం చేసింది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ మన పక్కనే ఉంది. పెళ్లైన కొత్త స్త్రీల ఎర్ర రక్తకణాల్లో ఫోలేట్ ఎంతుందో, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లీటరుకు 906 నానోమోల్స్ కనీస గీతకు ఎంత కింద ఉన్నారో, బి12 ఎంతుందో జిల్లాలవారీగా కొలవమని అడగండి.

7. లెక్క రాయండి. పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో మొదటి జబ్బు న్యూరల్ ట్యూబ్ లోపమే. కానీ ఆ లెక్కల్లోకి వచ్చేది బతికి పుట్టిన పిల్లలు. చనిపోయి పుట్టినవాళ్లు, స్కాన్ తర్వాత గర్భస్రావమైనవాళ్లు ఎక్కడా కనిపించరు. లేబర్ రూమ్ రిజిస్టరులో, స్కానింగ్ రిజిస్టరులో, గర్భస్రావాల రిజిస్టరులో ఒకే కోడ్‌తో ఈ లోపాన్ని రాసి, ప్రతి మూడు నెలలకూ జిల్లా అంకెలు బయట పెట్టండి.

ఒకటి, మూడు, నాలుగు అంశాలకు కొత్త చట్టం, కొత్త పోస్టులు అక్కర్లేదు. ఇప్పుడున్న రిజిస్టర్లు, ఇప్పుడున్న సిబ్బంది, ఒక సర్క్యులర్, పెంచిన ఇండెంట్ చాలు. ఈ మూడింటి మీద ఏం నిర్ణయం తీసుకున్నారో, 400 మైక్రోగ్రాముల మాత్రలు ఏ నెల నుంచి ఉపకేంద్రాలకు వస్తాయో రాతపూర్వకంగా చెప్పండి. మిగతా నాలుగింటి మీద మాట్లాడటానికి ఎప్పుడు పిలిచినా వివరాలతో వస్తాం.

ఇట్లు,
నవజాత శిశు విభాగాల్లో, ప్రసూతి వార్డుల్లో, మందుల పంపిణీలో పనిచేస్తున్న వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు